లోదెబారులో ఎవరున్నారు?

రేడియో ప్రక్కన కూర్చున్న పెద్దలు, మంచం మీద ఉండి వింటున్నవారు, వంటింట్లో పని చేసుకుంటూ చెవి ఇటు పెట్టిన అమ్మలు, అందరూ ఈ కొద్ది నిమిషాలు శ్రద్ధగా వినవలసినదిగా మనవి చేస్తున్నాను.

ఈ వేళ మనము ధ్యానించుకొనబోయేది సమూయేలు రెండవ గ్రంథము 9వ అధ్యాయము. బైబిలు దగ్గరున్నవారు తెరచి ఉంచుకోండి.

వాక్యములోనికి వెళ్ళకముందు ఒక్కసారి మన ప్రాంతం వైపు చూద్దాం. బాపట్ల నుండి సూర్యలంక వెళ్ళే దారి మీలో చాలామందికి తెలుసు. సెలవు రోజు వస్తే పిల్లలను తీసుకొని సముద్రానికి వెళతాం. ఆ తీరంలోనే భారత వైమానిక దళ స్థావరం ఉన్నది. 2023 డిసెంబరులో అక్కడ జరిగిన ‘అస్త్రశక్తి’ విన్యాసంలో ఒకే ఆకాశ్ క్షిపణి విభాగం ఒకేసారి నాలుగు లక్ష్యాలను కొట్టింది. ఎంతో దూరాన ఆకాశంలో కదిలేదాన్ని కనిపెట్టగలిగే కళ్ళు మన తీరంలోనే ఉన్నాయి. మంచిదే, దేవునికి స్తోత్రం. అయితే ప్రియులారా, ఒక ప్రశ్న అడుగుతున్నాను. తెనాలి జంక్షనులో ప్లాట్‌ఫారం మీదనో, రేపల్లె బస్టాండులోనో, మన ఊరి పంచాయతీ అరుగు మీదనో ఒకప్పటి సైనికుడు తలక్రింద సంచి పెట్టుకొని పడుకొని ఉంటే, ఆయనను కనిపెట్టే కళ్ళు మన సంఘంలో ఉన్నాయా?

సైన్యంలో చేసినవారికి ప్రభుత్వం పింఛను ఇస్తుంది కదా, క్యాంటీను ఇస్తుంది కదా, వారికి ఇల్లు లేకపోవడమేమిటి అని కొందరు అనుకోవచ్చు. నిజమే, పింఛను ఉన్నవారు చాలామంది గౌరవంగానే బ్రతుకుచున్నారు. కానీ అందరికీ పింఛను లేదు. మామూలు జవానుకు పింఛను రావాలంటే 15 సంవత్సరాల సర్వీసు ఉండాలి. ఆరేళ్ళు చేసి, ఎనిమిదేళ్ళు చేసి ఇంటి పరిస్థితులవల్లనో, మరో కారణంవల్లనో వచ్చేసినవారికి అది రాదు. యౌవనము అక్కడ ఖర్చయినది, వృద్ధాప్యం ఇక్కడ చేతికి వచ్చింది. పింఛను ఉన్నవారిలోనూ కొడుకులు పంచుకొని తండ్రిని బయట పెట్టినవారున్నారు. తాగుడులో పడి ఇల్లు పోగొట్టుకున్నవారున్నారు. భర్త పోయిన తరువాత సర్వీసు కాగితాలలో తన పేరు లేదని తెలిసి దిక్కుతోచక నిలబడిన భార్యలున్నారు.

ఇప్పుడు వాక్యములోనికి వద్దాం. మెఫీబోషెతు ఎవరు? యోనాతాను కుమారుడు. సౌలు మనుమడు. అతనికి ఐదేండ్ల వయస్సులో యుద్ధభూమి నుండి వార్త వచ్చింది, తండ్రి పోయాడు, తాత పోయాడు. దాది అతనిని ఎత్తుకొని పరుగెత్తుచుండగా అతడు పడి రెండు కాళ్ళు కుంటివాయెను. గమనించండి, అతని కుంటితనము యుద్ధము ఇచ్చినదే. అతడు కత్తి పట్టలేదు, అయినా యుద్ధము అతని కాళ్ళు తీసుకున్నది. ఇప్పుడు అతడు ఎక్కడ ఉంటున్నాడు? లోదెబారు అనే ఊళ్ళో, మాకీరు అనే ఇంకొకరి ఇంట్లో. సొంత ఇల్లు లేదు. తాతకు రాజ్యముండెను, మనుమనికి గడప లేదు.

అతడు రాజు దగ్గరకు దరఖాస్తు పెట్టుకొన్నాడా? లేదు. రాజే అడిగాడు. సౌలు ఇంటివారిలో ఎవరైనా మిగిలి ఉన్నారా, యోనాతానును బట్టి నేను మేలు చేయాలి అని దావీదే వెదకించాడు. ఇక్కడ ఉన్నది ఈ దినపు వర్తమానము. సైనికుడు అడగడు. అడగకుండా ఓర్చుకోవడమే అతనికి నేర్పించారు. మంచులో నిలబడమంటే నిలబడ్డాడు, ఆకలిని ఓర్చుకోమంటే ఓర్చుకున్నాడు. అటువంటి మనిషి అరవై ఏళ్ళ వయస్సులో ఒక ఆఫీసు కిటికీ దగ్గర చేయి చాపలేడు. కాబట్టి అడిగినవానికి ఇవ్వడం చాలదు, అడగనివానిని వెదకాలి.

దావీదు అతనికి మూడు చేశాడు. ఒకటి, అతని భూమి అతనికి తిరిగి ఇప్పించాడు. రెండు, ఆ భూమి పని చూడడానికి మనుష్యులను ఏర్పాటు చేశాడు. మూడు, తన బల్ల దగ్గర చోటు ఇచ్చాడు. హక్కు, సహాయము, సహవాసము. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇల్లు నిలబడదు.

మొదటిది, హక్కు.

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో ఒక విచిత్రమైన కట్టడ ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టుకొని ఇంకా గృహప్రవేశము చేయనివాడు యుద్ధమునకు రానక్కరలేదు, తన ఇంటికి వెళ్ళిపోవచ్చును. సైనికుని ఇంటిని గురించి దేవుడు యుద్ధానికి ముందే ఆలోచించాడు ప్రియులారా. మనము యుద్ధం అయిపోయిన తరువాత కూడా ఆలోచించకపోతే ఎలా?

మన దేశంలో ఏర్పాట్లు లేకపోలేదు. గుంటూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున్నది. పింఛను లేని మాజీ సైనికుడు హవల్దారు హోదా లేక దానికి లోపువాడై, 65 ఏళ్ళు దాటి, పేదరికంలో ఉంటే రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుండి నెలవారీ సహాయం వస్తుంది. ఆయన భార్య విధవరాలైతే ఆమెకూ వస్తుంది. నెలకు 4,000 రూపాయలుగా ఉన్న ఈ సహాయాన్ని 2025 నవంబరు 1 నుండి పెట్టే దరఖాస్తులకు 8,000 రూపాయలు చేశారు. ఒక చిన్న గది అద్దెకు, రెండు పూటల అన్నానికి ఆ సొమ్ము ఎంత అవసరమో మీకు తెలుసు. యుద్ధంలో వికలాంగులైనవారు, అమరుల కుటుంబాలు ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు తీసుకుంటే ఆ వడ్డీలో సగం తిరిగి ఇచ్చే పథకం కేంద్రీయ సైనిక బోర్డులో ఉన్నది. పింఛను పొందే మాజీ సైనికుల వైద్యం కోసం ఇ.సి.హెచ్.ఎస్. అనే పథకం 2003 ఏప్రిల్ 1 నుండి నడుస్తున్నది. వెన్నెముక దెబ్బతిని నడవలేని సైనికుల కోసం పూణె దగ్గర ఖడ్కీలో 1974 నుండి ఒక పునరావాస కేంద్రమున్నది. సైన్యంవారికి 1978లో, వైమానిక, నౌకాదళాలవారికి 1980లో గృహనిర్మాణ సంస్థలు ఏర్పడ్డాయి. అయితే వాటి ఇళ్ళు వాయిదాలు కట్టగలవారికే. పింఛను లేకుండా వచ్చినవాడు అంత దూరం వెళ్ళలేడు.

కన్నబిడ్డలే బయటకు నెట్టినవారి కోసం 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. ఆర్.డి.ఓ. గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. నన్ను చూసుకోవాలి అనే షరతుతో ఇల్లు రాసిచ్చినప్పుడు, చూసుకోకపోతే ఆ రాతను రద్దు చేయమని అడగవచ్చు. ఈ మాట వింటున్నవారిలో తండ్రి ఇంట్లో తాముండి, తండ్రిని పాకలో ఉంచినవారుంటే, నేను మిమ్మును నిందించుట లేదు. ఈ సాయంత్రమే వెళ్ళి ఆయనను లోపలికి తీసుకురండి. ట్రిబ్యునల్ దాకా పోనివ్వకండి.

మరి ఇన్ని ఉంటే మనిషి ఇంకా అరుగు మీద ఎందుకు ఉన్నాడు? ఎందుకంటే హక్కు గుంటూరులో ఉన్నది, మనిషి సూర్యలంకలో ఉన్నాడు. మధ్యలో కాగితాలున్నాయి. ఇక్కడే రెండవ సంగతి మొదలవుతుంది.

రెండవది, సహాయము.

దావీదు భూమి ఇచ్చి ఊరుకోలేదు. కుంటివాడు పొలం ఎలా దున్నుకుంటాడు? అందుకని సీబాను, అతని పదిహేనుమంది కుమారులను, ఇరువదిమంది పనివారిని ఏర్పాటు చేశాడు. హక్కు చేతికి అందాలంటే చేతులు కావాలి.

ఒకాయన ఉన్నాడనుకోండి. చాలా ఏళ్ళ క్రితం సైన్యం నుండి వచ్చాడు. డిశ్చార్జి బుక్కు వానకు తడిసి పాడైపోయింది. అందులో ఇంటిపేరు ఒక విధంగా, ఆధార్ కార్డులో మరొక విధంగా ఉన్నది. పుట్టిన తేదీ కలవదు. భార్య పేరు సర్వీసు రికార్డులో ఎక్కలేదు. ఆఫీసుకు వెళితే ఒక కాగితం అడిగారు, అది తెచ్చేసరికి ఇంకొకటి అడిగారు. మూడోసారి బస్సు ఛార్జీకి డబ్బుల్లేక ఆగిపోయాడు. ఇటువంటివారికి కావలసినది దానము కాదు, తోడు. ఆయన అన్నీ మరచిపోయి ఉండవచ్చు గాని, సర్వీసు నంబరు అడగండి, టక్కున చెబుతాడు. ఆ నంబరు చాలు. జిల్లా సైనిక కార్యాలయంవారు దానిని బట్టి రికార్డు ఆఫీసుకు వ్రాయగలరు. మద్రాసు రెజిమెంటువారి రికార్డులు వెల్లింగ్టన్‌లో ఉంటాయి, వైమానిక దళంవారివి ఢిల్లీలో ఉంటాయి.

పింఛను ఉన్నవారికి మరొక చిక్కున్నది. బ్రతికే ఉన్నామని ఏటా ధ్రువీకరించాలి. ఇప్పుడు సైనిక పింఛన్లు ‘స్పర్శ్’ అనే కంప్యూటరు పద్ధతిలోనికి వచ్చాయి. ధ్రువపత్రం ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది. చూపు ఆనని పెద్దాయనకు ఫోను ఎవరు పట్టుకుంటారు? ముఖం ఎవరు సరిగా చూపిస్తారు? మన యౌవనస్థులు రోజంతా ఫోను పట్టుకొనే ఉంటారు గదా! నవంబరులో ఒక్క ఆదివారము ఆరాధన అయిన తరువాత అరగంట ఈ పనికి ఇవ్వండి. అది కూడా సువార్త పనియే.

న్యాయ సహాయం కూడా ఉన్నది. 2025 జూలై 26న జాతీయ న్యాయ సేవల సంస్థ సైనిక కుటుంబాల కొరకు ‘వీర్ పరివార్ సహాయతా యోజన’ను ప్రారంభించింది. సైనిక బోర్డుల దగ్గరే ఉచితంగా న్యాయ సలహా ఇప్పించాలని దాని ఉద్దేశం. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరున్నది. గోడ మీద వ్రాసి పెట్టుకోండి.

మరొక మాట. మీ పిల్లలు అమెరికాలో ఉన్నారు గదా, వారిని అడగండి. అంత ధనిక దేశంలో కూడా మాజీ సైనికులు వీధుల్లో పడుకుంటారు. 2010లో అక్కడ ఒక్క రాత్రి లెక్కలో అటువంటివారు 74,000 పైచిలుకు. 2024 జనవరిలో లెక్కిస్తే 32,882 మంది. సగానికంటే తగ్గారు. ఎలా తగ్గారు? మొదట ఇంటి అద్దెకు సహాయం ఇస్తారు, ఆ ఇంటితోపాటు ఒక మనిషిని కూడా ఇస్తారు. ఆ మనిషి ఆసుపత్రికి తీసుకువెళతాడు, కాగితాలు చూస్తాడు, తాగుడు మానడానికి వైద్యం ఇప్పిస్తాడు. ముందు తాగుడు మాను, ఆ తరువాత ఇల్లిస్తాం అనే పద్ధతిని చాలాచోట్ల విడిచిపెట్టారు. ముందు తలుపున్న గది ఇస్తారు. నిద్ర పట్టిన మనిషికే మారే శక్తి వస్తుందని వారు గ్రహించారు. మనము సంఘాలలో ఏమంటాము? వాడు తాగుబోతండీ, వాడికి చేసినా దండగే అంటాము. ఆ మనిషి రాత్రి కళ్ళు మూసుకుంటే ఏమి కనబడుతుందో మనకు తెలుసా?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉన్నది. వాక్యం ముందుకు చదవండి. 16వ అధ్యాయములో ఈ సీబాయే యజమాని మీద చాడీ చెప్పి ఆ ఆస్తి అంతా తన పేర పొందాడు. 19వ అధ్యాయములో రాజు దానిని సగం సగం చేశాడు. సహాయానికి పెట్టిన మనిషే భూమి పట్టుకుపోయాడు! మన రాష్ట్రంలో మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి పట్టాగా ఇచ్చే పద్ధతి ఎప్పటి నుండో ఉన్నది. 10 సంవత్సరాలు దాటిన తరువాత అమ్ముకొనే వీలు కూడా ఇచ్చారు. ఆ వీలును కనిపెట్టుకొని, అవసరంలో ఉన్నప్పుడు వచ్చి, తక్కువ ధరకు వ్రాయించుకొనేవారుంటారు. కాబట్టి సహాయం చేసేవారు ఈ నియమాలు పెట్టుకోండి. ఒంటరిగా వెళ్ళకండి, ఇద్దరిద్దరుగా వెళ్ళండి. ఆయన ఏ.టి.ఎం. కార్డు మీ దగ్గర ఉంచుకోకండి. చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయించకండి. వచ్చిన సొమ్ములో సంఘానికి కానుక అడగకండి. మనము సీబాలము కాకూడదు.

మూడవది, సహవాసము.

మెఫీబోషెతు రాజు ఎదుటికి వచ్చినప్పుడు తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. ఇల్లు లేని మనిషి లోపల ఏమవుతుందో చూశారా? రాజు మనుమడు ఆ మాట అన్నాడు! దావీదు దానికి ఉపదేశం చేయలేదు. బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ప్రతి దినము, రాజకుమారులతో సమానముగా. బల్ల క్రింద ఎవరి కాళ్ళు కుంటివో, ఎవరి కాళ్ళు మంచివో కనబడదు గదా ప్రియులారా!

సైన్యంలో మనిషి ఒంటరిగా ఉండడు. ఒకే బ్యారక్, ఒకే లంగరు, ప్రక్క మంచం మీద ఒక పంజాబీ, ఇంకొక మంచం మీద ఒక తమిళుడు. అన్ని మతాలవారు ఒకే కప్పు క్రింద ప్రార్థించుకొనే సర్వ ధర్మ స్థలము కూడా సైన్యంలో ఉన్నది. అక్కడ నుండి వచ్చినవానికి ఊళ్ళో ఒంటరితనము మొదటి దెబ్బ. గది అద్దెకు ఇప్పించి తలుపు వేసి వచ్చేస్తే, ఆయన మరలా ప్లాట్‌ఫారం మీదకే రావచ్చు. ఎందుకంటే అక్కడ కనీసం మనుష్యులుంటారు. కాబట్టి ఆదివారము ఒక ఇంట్లో భోజనము, బుధవారము ఒకరి పలకరింపు, జబ్బు చేస్తే ఆసుపత్రికి ఒక తోడు. ఆయన ఏ మతమువాడు అని అడగకండి. సరిహద్దులో నిలబడినప్పుడు ఆయన మన మతమేమిటని అడగలేదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమతోపాటు మన రేపల్లె, బాపట్ల తీరం కూడా తల్లడిల్లిపోయింది. 10 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. అప్పుడు సహాయానికి వచ్చినవారిలో యూనిఫాం వేసుకున్న బిడ్డలున్నారు. మన శవాలకు ముక్కు మూసుకోకుండా పని చేసినవారు వారు. మనము వారికి ఋణపడి ఉన్నాము.

ముందున్న దినాలను గూర్చి కూడా ఆలోచించండి. 2022లో అగ్నిపథ్ పద్ధతి వచ్చింది. నాలుగేళ్ళు పని చేసి, నూటికి డెబ్బై ఐదుమంది దాకా తిరిగి వస్తారు. చేతికి 11 లక్షల 71 వేల రూపాయల వరకు వస్తుంది, గాని పింఛను లేదు, ఇ.సి.హెచ్.ఎస్. లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. మొదటివారి నాలుగేళ్ళు 2026 చివర, 2027 మొదట నిండుతాయి. ఇంకా ఇరవైలలోనే ఉన్న పిల్లలు వారు. ఆ డబ్బు చూసి వచ్చే స్నేహితులుంటారు. మంచి పెద్దలు వారికి ముందుగా కనబడాలి. ఆ పెద్దలు మన సంఘంలో నుండి ఎందుకు రాకూడదు?

దేవుని బిడ్డలారా, ఇక ఏమి చేద్దాం? ప్రతి డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినము. 1949 నుండి జరుగుచున్నది. ఆ దినాన చిన్న జెండా కొని జేబుకు పెట్టుకుంటాం, మంచిదే. ఆ సొమ్ము వీరి కోసమే వెళుతుంది. కానీ అంతకంటే ముందు, ఈ వారమే, మీ సంఘ పెద్దలు కూర్చొని ఒక తెల్లకాగితం మీద వ్రాయండి. మన ఊళ్ళో మాజీ సైనికులు ఎవరెవరు? వారి విధవరాండ్రు ఎవరు? వారిలో సొంత కప్పు లేనివారెవరు? పింఛను రానివారెవరు? ‘మిలిటరీ ఆయన’ అని పిలవడమే గాని అసలు పేరు ఎవరికీ తెలియని మనిషి ఎవరు? పేరు తెలిసిన తరువాత ఇద్దరు యౌవనస్థులను ఆయనకు అప్పగించండి. డిశ్చార్జి బుక్కు, ఆధార్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకము పట్టుకొని ఆయనతోపాటు గుంటూరు బస్సెక్కమనండి. పని తెమిలేవరకు పంపుచునే ఉండండి. అప్పటివరకు పడుకోవడానికి సంఘంలో ఎవరింట్లో ఖాళీ గది ఉన్నదో ఆలోచించండి.

మాకీరును కూడా మరచిపోవద్దు. రాజు వెదకేవరకు ఆ కుంటివానిని తన ఇంట్లో పెట్టుకున్నది ఆయనే. రాజు చేయగలిగినంత మనము చేయలేకపోవచ్చు. మాకీరు చేసినంత చేయగలము. తలదాచుకోవడానికి చోటు లేకుండా ఈ లోకంలో తిరిగిన ప్రభువుకు మనము సేవకులము గదా.

ప్రార్థన చేసుకుందాం.

ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ సమయమును ఇచ్చినందుకు నీకు స్తోత్రములు. మా ఊళ్ళలో, మా వీధుల్లో, మేము చూడకుండా దాటిపోయిన సైనికులను, వారి విధవరాండ్రను నీవు ఎరుగుదువు. వారిని వెదకే కళ్ళు మాకు దయచేయుము. వారితో నడిచే కాళ్ళు, వారి సొమ్ము ముట్టని చేతులు మాకు దయచేయుము. సరిహద్దుల్లో ఉన్న బిడ్డలను కాపాడుము. తిరిగి వచ్చినప్పుడు వారికి గడప ఉండునట్లు మమ్మును వాడుకొనుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.